నాలుగు మూలల కచ్చా కుట్టు

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. గుణదల మేరీమాత మీద ఒట్టు. కొండ మీది దుర్గమ్మ మీద ఒట్టు. ఇందులో వచ్చే పెద్దాయన సాయిబుగారు కాబట్టి, ఆయన నమ్మిన అల్లా మీద కూడా ఒట్టు. ముగ్గురి మీద ఒట్టేసి అబద్ధమాడేంత ధైర్యం నాకు లేదు. ఇద్దరి మీద వేసి ఆడాను, అది వేరే సంగతి.

నన్నెరిగినవాళ్ళు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. తొంభైలలో నేను విజయవాడ వన్‌టౌన్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగ్ గుమాస్తాని. లోడు దొరికేదాకా డ్రైవర్లు మా బల్లల మీద కూర్చునేవారు. వాళ్ళు లేచి పక్క ఆఫీసుకు పోకుండా చూసుకోవడం, ఎవరూ చెప్పకపోయినా, నా పనే. అందుకని కథలు చెప్పేవాణ్ణి. కృష్ణకు వరదొస్తే గేదెనెక్కి అవనిగడ్డ దాకా కొట్టుకుపోయానన్నాను. మా ఇంట్లో కొండపల్లి కొయ్య ఏనుగు తొలకరి పడగానే చెవుల దగ్గర చిగురేసిందన్నాను. వాళ్ళు నమ్మేవారు కాదు. లేచి వెళ్ళేవారూ కాదు.

మా ఆఫీసు గోడనానుకుని టైలరు షాపు ఉండేది. డెబ్భై దాటిన ఆయన్ని అందరూ మాస్టారు అనేవారు. ఎక్కువగా డ్రైవర్ల ఖాకీ చొక్కాలు కుట్టేవారు. ఆయనకొక పట్టింపు ఉండేది. బట్టని మిషను మీద పెట్టేముందు ముక్కలు కదలకుండా తెల్లదారంతో పొడుగు పొడుగు కుట్లు వేస్తారు కదా, దాన్ని కచ్చా కుట్టు అంటారు. అసలు కుట్టు పడ్డాక దాన్ని లాగేస్తారు. ఆ తెల్లదారం ఒక్క పోగు మిగిలినా మాస్టారు బట్టని షాపు దాటనిచ్చేవారు కాదు.

ఒకసారి ఒక పెళ్ళికొడుకు పూలు కట్టిన కారు రోడ్డు మీదే ఆపి, సూటు కోసం పరిగెత్తుకొచ్చాడు. ప్యాంటు అంచు ఇంకా కచ్చా కుట్టు మీదే ఉంది.

"ముహూర్తం దాటిపోతోందండీ మాస్టారూ, ఇలాగే ఇచ్చెయ్యండి!"

"దాటనీ బాబూ. ఇది మాత్రం నా గడప దాటదు."

కుట్టడం ముగించి, అంచు రెండుసార్లు తడిమి చూసుకుని అప్పుడిచ్చారు. వయసు మీదపడ్డ చాదస్తం అనుకుని మేమంతా నవ్వుకున్నాం.

ఒక వేసవి మధ్యాహ్నం మా ఆఫీసు ముందు కొత్త లారీ ఒకటి వచ్చి ఆగింది. దాని మూతి మీద ఆటోనగర్ పెయింటరెవరో సొరచేప నోరు వేశాడు. ఎర్రటి నోరు, కత్తుల్లాంటి తెల్లటి పళ్ళు, పైన గుడ్లురిమే కన్ను. మాస్టారు మెడలో టేపుతో బయటికొచ్చి, ఎండలో నిలబడి, ఆ పళ్ళ మీద అరచెయ్యి పెట్టారు.

"ఇది లారీకి కాదు, విమానానికి వెయ్యాలి. వేసిన విమానాలు చూశాను. వాటిని నడిపినవాళ్ళ కోట్లు నేనే కుట్టాను," అన్నారు.

డ్రైవర్లు ఈలలు వేశారు. ఒకడు నా వీపు మీద చరిచాడు. "ఏం గురూగారూ, మాస్టార్ని కూడా మీ కోతల బడిలో చేర్చుకున్నారా?"

"ఫస్టు ర్యాంకు ఆయనదే," అన్నాను నేను.

అందరూ పగలబడి నవ్వారు. మాస్టారు చెయ్యి తీసేసి లోపలికెళ్ళిపోయారు. ఆ నడక చూశాక నా నోట్లో నవ్వు ఆగిపోయింది. ఆయన మాట కొట్టుకుపోయింది అబద్ధమై కాదు, నా పక్కన నిలబడి చెప్పినందుకు. రెండు టీలు పట్టుకుని వెళ్ళి, ఆయన మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. మిషను మీంచి తల ఎత్తకుండానే చెప్పారు.

అప్పట్లో కోస్తా జిల్లాల నుంచి వేలమంది బతుకుతెరువుకి రంగూన్ వెళ్ళేవారు. మాస్టారు ఇరవయ్యో ఏట అక్కడ మేనమామ షాపులో కుట్టుపని చేస్తున్నారు. జపాను వాళ్ళు బర్మా మీద పడబోతున్న రోజులు. అమెరికా ఇంకా యుద్ధంలో దిగకముందే కొందరు అమెరికన్లు తమ సైన్యంలో ఉద్యోగాలొదిలి, చైనా తరఫున విమానాలు నడపడానికి వలంటీర్లుగా వచ్చారు. కొందరు రంగూన్లో దిగారు. వాళ్ళవి ఒక్క మనిషి పట్టే చిన్న యుద్ధ విమానాలు. మూతి మీద ఈ సొరచేప పళ్ళే.

"కుర్రాళ్ళు బాబూ. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దాళ్ళు, అంతే. షాపులోకొచ్చి అద్దంలో చూసుకుని ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకునేవాళ్ళు."

వాళ్ళు తోలు కోట్లు తెచ్చేవారు. వీపు మీద ఒక పట్టుగుడ్డ కుట్టించుకోవడానికి. దాని మీద చైనా జెండా, కింద చైనా అక్షరాలు. ఈ పరదేశి మన యుద్ధానికి సాయంగా వచ్చాడు, సిపాయిలూ ప్రజలూ ఇతన్ని కాపాడండి అని వాటి అర్థమట. విమానం కూలి ఏ పొలంలోనో పడితే, భాష రాని మనిషి ప్రాణానికి ఆ గుడ్డే పూచీ.

"ఒకడు ఎర్రజుట్టువాడు. పేరు నోరు తిరిగేది కాదు. కొలతలు మాత్రం ఇప్పటికీ చెప్తాను. ఛాతీ నలభై, చెయ్యి ఇరవై అయిదు, ఎడమ భుజం అరంగుళం కిందికి. వాడి కోటు మీద గుడ్డ సరిగ్గా పెట్టి, నాలుగు మూలలా తెల్లదారంతో కచ్చా కుట్టు వేశాను. తోలు కుట్టే మిషను మీద వేరే కోటు ఉంది. ఇంతలో సైరన్ మోగింది. వాడు పరిగెత్తుకొచ్చి కోటు లాక్కున్నాడు. ఆగు సాబ్, కుట్టలేదు అన్నాను. రేపు, రేపు అని చెయ్యూపుతూ జీపెక్కేశాడు."

"మళ్ళీ రాలేదా?"

"వచ్చాడేమో. ఎవరికి తెలుసు! ఆ రోజు బాంబులకి మా వీధి సగం తగలబడింది. నేను షాపు మూసి పారిపోయాను. మూడోనాడొచ్చి తెరిచేసరికి వాడి దోస్తు వచ్చి చెప్పాడు. చైనా వైపు ఎగిరాడట, దారిలో కొండల మీద విమానం కిందికి పోతుంటే చూశారట, ఆ తర్వాత కబురు లేదట."

చెయ్యి మిషను చక్రం మీద పెట్టారు గానీ తిప్పలేదు.

"వాడు బతికే దిగాడనుకో. గుడ్డ వీపు మీద లేకపోతే? అక్కడి ఊరివాళ్ళు వీణ్ణి శత్రువనుకుంటే? కచ్చా కుట్టు ఎంతసేపు నిలుస్తుంది బాబూ! నువ్వు ఇంగ్లీషు చదువుతావు. కనుక్కో. వాడు బతికాడా లేదా కాదు, అది దేవుడి పని. ఆ గుడ్డ నిలిచిందా లేదా, అది చాలు."

ఆ తర్వాత మాస్టారు రంగూన్ నుంచి కాలినడకన అడవులు దాటి ఇండియా చేరారు. దారిలో కన్నతల్లిని పోగొట్టుకున్నారు. ఆ సంగతి ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నారు. కోటు సంగతి మాత్రం అప్పటి నుంచి ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉన్నట్టుండేది.

నేను వెతికాను. ఇక్కడ నవ్వకండి, నిజంగానే వెతికాను. ఆదివారాలు పాత పుస్తకాల కొట్లలో యుద్ధం బొమ్మలున్న ఇంగ్లీషు పత్రికలన్నీ తిరగేశాను. సొరచేప విమానాలు దొరికాయి. వాటి ముందు నవ్వుతూ నిలబడ్డ కుర్రాళ్ళు దొరికారు. నలుపు తెలుపు ఫోటోల్లో ఎర్రజుట్టు ఎవరిదో ఎలా తెలుస్తుంది? కొన్నేళ్ళకి గవర్నర్‌పేటలో నెట్ సెంటర్లు వచ్చాయి. గంటలకి గంటలు కూర్చున్నాను. ఆ పైలట్ల పేర్ల జాబితాలు కూడా చూశాను. జాబితాలో పేర్లుంటాయి గానీ, ఎడమ భుజం అరంగుళం కిందికున్నవాడెవరో ఉండదు.

ప్రతిసారీ మాస్టారు కత్తెర కింద పెట్టి, "ఏమైనా తెలిసిందా?" అనేవారు. "ఇంకా లేదండీ" అనేవాణ్ణి. ఊరంతటికీ కోతలు కోసే నేను, ఏడేళ్ళపాటు ఆయన ఒక్కరికే నిజం చెప్పాను.

తర్వాత ఆయన మంచాన పడ్డారు. షాపు మూతపడింది. చూడ్డానికెళితే మనిషి దుప్పటిలో మడతలా ఉన్నారు. "ఏమైనా తెలిసిందా?" అన్నారు. ఇక తట్టుకోలేకపోయాను. మర్నాడు నెట్ సెంటర్లో ఒక పైలట్ వీపు ఫోటో ప్రింటు తీయించి, పగటిపూట ఆయన మెలకువగా ఉండే వేళ చూసుకుని వెళ్ళాను.

"దొరికాడండీ మాస్టారూ. అమెరికాలో ఎవరో ముసలాయన రాశాడు. మీవాడు వరిచేలో దిగాడట. కాలు విరిగిందట. రైతులు గొడ్డళ్ళతో వచ్చి, వీపు మీద గుడ్డ చూసి, తలుపు చెక్క మీద పడుకోబెట్టి మోసుకెళ్ళారట."

"గుడ్డ నిలిచిందా?"

"భేషుగ్గా! నల్లదారం ఒక్క పోగు కూడా ఊడలేదట!"

ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. నా చెయ్యి పట్టుకుని తన గుండె మీద పెట్టుకున్నారు. "అరవై ఏళ్ళ బరువు దించావు బాబూ" అన్నారు. ఆ వారంలోనే ప్రశాంతంగా కన్నుమూశారు.

ఈ కథ ఇన్నాళ్ళూ ఇక్కడిదాకానే చెబుతూ వచ్చాను. హనుమాన్ జంక్షన్ దాబాలో చెబితే ఒక డ్రైవరు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఇందులో నేను కల్పించింది ఆ కన్నీళ్ళు, గుండె మీద చెయ్యి, బరువు దించావన్న మాట, ఆ వారమూ, ఆ ప్రశాంతతా. మిగతాదంతా జరిగిందే.

జరిగింది ఇది. నల్లదారం అనగానే ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశారు. చాలాకాలం తర్వాత నవ్వారు.

"నేను వేసింది తెల్లదారం బాబూ. ఇన్ని కోతలు కోస్తావు, దీన్ని మాత్రం కచ్చా కుట్టు మీదే పట్టుకొచ్చావేం? తీసుకుపో. గట్టిగా కుట్టి రేపు పట్టుకురా."

నేనింటికెళ్ళి ఆ కథని గట్టిగానే కుట్టాను. తెల్లదారం. నాలుగు మూలల్లో ఒక మూల ఊడిపోయింది, మూడు నిలిచాయి. వాణ్ణి మోసుకెళ్ళిన రైతు ఇల్లాలు, విరిగిన కాలికి కట్టు కట్టాక, సూది తెచ్చి నాలుగో మూల తనే కుట్టింది. ఇంట్లో తెల్లదారం లేక ఎర్రదారంతో కుట్టింది. అందులో ఏ పోగూ ఎవరూ లాగలేరు. ఆయన కూడా.

మర్నాడు పదింటికి ఆ వీధి మలుపు తిరిగేసరికి ఆయన ఇంటి ముందు చెప్పులు, చెప్పులు. జనం గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎర్రదారం సంగతి నా నోట్లోనే ఉండిపోయింది.