పైకి రాని ఏడోవాడు

పోయినవన్నీ వరసగా చెబుతాను. స్పాంజి కోసం సముద్రంలోకి దిగిన మనుషులు, ముగ్గురు. మా అత్తగారి కళ్ళజోడు పెట్టె, ఒకటి. భీమవరం సినిమా హాల్లో సీటు కిందకి జారిపోయి మళ్ళీ దొరకలేదు. మామగారి చెరువు గట్టు మీద నా మాటకున్న విలువ. దానికి అంకె వెయ్యడం నాకు చేతకాలేదు.

నాది రొయ్యల కౌంటు చూసే పని. కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు, దాన్నిబట్టే ధర. ఏడో తరగతితో చదువు ఆగినా లెక్క సొంతంగా పట్టుకున్నాను. రైతూ కొనేవాడూ ఇద్దరూ నా అంకెకి సరేననేవారు. నా పద్ధతి ఒకటే: లెక్కలోకి వచ్చిన రొయ్య వెంటనే రెండో ట్రేలో పడాలి. లేకపోతే ఒకే రొయ్య రెండుసార్లు లెక్కకొస్తుంది. పనికి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ మొదట ఈ మాటే చెప్పేవాణ్ణి.

చదువు మానేసిన ఏడాదే మా ఊరి డేరా టాకీసులో ఒక పాత ఇంగ్లీషు సినిమా చూశాను. పోస్టాఫీసులో స్టాంపులు తడిపే స్పాంజి లాంటిది సముద్రం అడుగున రాళ్ళకు అంటుకుని పెరుగుతుందనీ, దాన్ని కోసుకురావడానికి మనుషులు ప్రాణాలకు తెగించి మునుగుతారనీ అప్పుడే తెలిసింది. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. అందుకని మనుషుల్ని లెక్కపెట్టాను. ముఖాలకు అద్దాల తొడుగులు వేసుకుని, ఒకరి తర్వాత ఒకరు, ఏడుగురు దిగారు. ఏడోవాడు పైకి రాలేదు.

పెళ్ళయ్యాక ఆ కథ అత్తవారింట్లో చెప్పాను. కరెంటు పోయినప్పుడల్లా మళ్ళీ చెప్పమనేవారు. అత్తగారు నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. తలుపు పక్కన నిలబడి మా ఆవిడని అడిగేవారు.

"ఏడోవాడికి పెళ్ళయ్యిందేమో కనుక్కోవే."

"అయ్యిందంటమ్మా, ఒడ్డున చూస్తా కూర్చుందంట" అని నా తరఫున మా ఆవిడే చెప్పేసేది. అత్తగారు నిట్టూర్చి లోపలికెళ్ళిపోయేవారు.

కొన్నేళ్ళకి అదే సినిమా కొత్తగా తీసి, తెలుగు మాటలు పెట్టి భీమవరంలో వేశారు. అందరినీ నేనే తీసుకెళ్ళాను. రంగులు బాగున్నాయి, నీళ్ళు బాగున్నాయి. కానీ దిగింది నలుగురు. నలుగురూ పైకొచ్చేశారు. లైట్లు వెలిగి జనం లేచి వెళ్ళిపోతున్నా అత్తగారు కదల్లేదు. మొదటిసారి నాతోనే మాట్లాడారు.

"ఏడోవాడేడండీ అల్లుడుగారూ?"

"ఖర్చు కలిసొస్తుందని తగ్గించేసుంటారండి. పాతదాంట్లో ఏడుగురేనండి." అక్కడితో ఊరుకోవలసింది. "కావాలంటే చూపిస్తాను" అన్నాను.

మా బావమరిది ఎక్కడో వెతికి ఆ పాత సినిమా సీడీ తెచ్చాడు. ఆదివారం భోజనాలయ్యాక టీవీ ముందు అందరం కూర్చున్నాం. మామగారు పడక్కుర్చీ ముందుకి జరుపుకున్నారు. రెండోవాడు దిగినప్పుడు చారల చేప ఒకటి అడ్డంగా వెళ్ళి రాయి దగ్గర మలుపు తిరిగింది. ఐదోవాడు దిగాడు. అదే చేప, అదే రాయి, అదే మలుపు.

బావమరిది వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. మనిషీ వాడే. ఎక్కువ తీసే స్తోమత లేక, ఉన్న ముక్కనే మళ్ళీ అతికించారు. ఆరోవాడు మూడోవాడే. ఏడోవాడు మొదటివాడే, ఆ ముక్కని సగంలో తెంచేశారు కాబట్టి పైకి రావడం కనపడలేదు, అంతే.

"రెండో ట్రేలో వెయ్యడం మర్చిపోయారేంటండీ బావగారూ?" అన్నాడు బావమరిది.

ఇల్లంతా గొల్లుమంది. మా ఆవిడ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మామగారు నవ్వలేదు. ఆయనా నవ్వేసుంటే నాకు బాగుండేది. అత్తగారు మాత్రం, "మరి ఒడ్డున కూర్చున్నావిడో?" అన్నారు. నేను చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాను.

ఆ తర్వాతి పట్టుబడికి, మామగారి చెరువులో రొయ్యలు పట్టినరోజు, గట్టు మీద కిలో తూచి, లెక్కపెట్టి, ముప్పై రెండు అన్నాను. కొనేవాడు సరేనన్నాడు. మామగారు గొంతు సవరించుకున్నారు.

"ఇంకోసారి చూద్దామాండీ అల్లుడుగారూ?"

చెరువులో వల లాగుతున్నవాళ్ళు కూడా తలెత్తి చూశారు. తలొంచుకుని ఒక ట్రేలోంచి ఇంకో ట్రేలోకి ఒక్కొక్కటే వేశాను. ముప్పై రెండే. కానీ ఆఖరి రొయ్య పడేదాకా, ఏమో, ముప్పై ఒకటే వస్తుందేమోనని నాకే అనిపించింది. సిగ్గంతా అక్కడుంది. అప్పటినుంచి ఏ చెరువు దగ్గరైనా, ఎవరూ అడక్కముందే రెండుసార్లు లెక్కపెడుతున్నాను.

అత్తగారిప్పుడు నాతో బాగానే మాట్లాడతారు. ఇంటికి చుట్టాలొస్తే, "మా అల్లుడుగారు మాకు మనుషుల్ని బాకీ ఉన్నారండీ" అని మొదలుపెడతారు. ఎంతమందని వాళ్ళడుగుతారు. ఆవిడ చెప్పరు, నా వంక చూస్తారు. అందరూ చూస్తారు. చెప్పాల్సింది నేనే.

ముగ్గురు.