పీహెచ్‌పీని మెచ్చి, దాని తప్పులు దాచని రాజారత్నం గారు

రాజారత్నం గారు పోయారని ఆదివారం పొద్దున్న ఫోన్ వచ్చింది. ముందురోజు సాయంత్రం మా ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద ఆయన నేను పాఠం చెప్పే కంప్యూటర్ భాషలో లోపాల గురించి నాతో వాదిస్తూనే ఉన్నారు. మిగతాది సోమవారం చెబుతానని స్కూటర్ ఎక్కారు. గుండెపోటు అన్నారు. నిన్న వట్లూరులో సమాధి దగ్గర పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే, నేను ఆ వాదానికి జవాబు వెతుకుతూ కూర్చున్నాను. మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు.

ఏలూరులో కంప్యూటర్ నేర్చుకున్న చాలామందికి ఆయన తెలుసు. తెలియనివారి కోసం చెబుతున్నాను. సర్వర్‌లో ఉండి, అడిగిన వెబ్ పేజీని అప్పటికప్పుడు తయారుచేసి పంపే భాషల్లో పీహెచ్‌పీ ఒకటి. ఆయన దాన్ని ఏళ్ల తరబడి పాఠం చెప్పారు. పక్క గదిలో నేను జావా అనే ఇంకో భాష చెప్పేదాన్ని.

ఆయనకో పద్ధతి ఉండేది. భాషను ఇష్టపడేవారు దాని లోపాలు చెప్పాలి, ఇష్టపడనివారు గుణాలు చెప్పాలి. శనివారాలు మా రెండు క్లాసులూ కలిపి ఈ వాదం పెట్టేవారు. పీహెచ్‌పీని పొగిడే పని నాది.

"సుధగారూ, మొహమాటపడకండి. పొగడండి, వింటాం" అని ముందు బెంచీలో కూర్చునేవారు.

నేర్చుకోవడం తేలిక, అద్దె సర్వర్లు చవక, ఒక వరుస మార్చి పేజీ మళ్లీ తెరిస్తే మార్పు కళ్లముందే ఉంటుంది. అయిష్టంగా మొదలుపెట్టినా చెప్పేకొద్దీ నాకే హుషారొచ్చేది. తర్వాత ఆయన లేచేవారు. ఫంక్షన్ల పేర్లకు ఒక వరస లేదు, పేజీ అలంకారమూ లోపలి లెక్కా ఒకే ఫైల్లో కలగాపులగమైపోతాయి అని మొదలుపెట్టి, అసలు లోపం చివరికి చెప్పేవారు. "దీనిది మన గోదావరి మర్యాదండి. మనం తప్పు చెప్పినా 'అలాగేనండి' అంటుంది." క్లాసంతా నవ్వేది.

ఆ మర్యాద ఒకసారి ఆయన్నే ఇరకాటంలో పెట్టింది. కలిదిండి వైపు చేపల రైతుల సంఘానికి ఆయన ఒక పేజీ చేసిచ్చారు. నాలుగు చేపల మార్కెట్ల నుంచి శీలావతి చేప ధర వస్తుంది, పేజీ సగటు కట్టి చూపిస్తుంది. చెరువు గట్టు మీద బేరం ఆ సగటు దగ్గర మొదలవడం అలవాటైంది.

ఒక పొద్దున్న సుబ్బరాజుగారి దగ్గర్నుంచి ఫోన్. ఆయన ఒకే చెరువున్న రైతు, ఏడాది కష్టమంతా అందులోనే ఉంది.

"మాస్టారూ, వలలు దించేశామండి. ఐసు లారీ గట్టు మీదుందండి. మీ పేజీలో ధర సగమైపోయిందని సంఘం ఆఫీసు వాళ్లన్నారు. వ్యాపారిగారేమో అంతకే ఇమ్మంటున్నారండి. వల్లో పడ్డ చేప ఎంతసేపు ఆగుద్దండి?"

రాజారత్నం గారు లెక్క తెరిచి చూశారు. ఆ రోజు రెండుచోట్ల సరుకు రాలేదు. చేప ధర దగ్గర సున్నా వేయడం అక్కడ అపశకునం. అందుకని ఆ రెండుచోట్ల వాళ్లు అంకె రాయాల్సిన గడిలో 'సరుకు రాలేదు' అని మాటల్లో రాసి పంపారు. పీహెచ్‌పీ ఏమీ అనకుండా ఆ మాటల్ని సున్నాలుగా తీసుకుని, నాలుగుతో భాగించేసింది.

"జావా అయితే ఇది అంకె కాదని అక్కడే ఆగిపోయేదండి" అన్నాను, పక్కనే నిలబడి చూస్తూ.

"ఆగిపోయేది, ఒప్పుకుంటున్నాను. ముందీ ఫోన్ పట్టుకోండి."

అంకె కానిదాన్ని లెక్కలోంచి తీసేసే షరతు ఒకటి రాశారు. ఫైల్ సర్వర్‌కి పంపారు. ఆఫీసులో మళ్లీ చూడమని నాచేత చెప్పించారు. కాసేపటికి గట్టు మీంచి సుబ్బరాజుగారి గొంతు వినిపించింది. "ఎక్కిందండి. మళ్లీ ఎప్పటి ధరకి వచ్చేసిందండి."

వెనక నుంచి వ్యాపారి, "కంప్యూటర్ కూడా మాట మారుస్తుందేంటండి?" అన్నాడు.

రాజారత్నం గారు ఫోన్ తీసుకున్నారు. "కంప్యూటర్ కాదండి, తప్పు రాసింది నేను. సరుకొచ్చిన మిగతా రెండుచోట్లకీ మీరే ఫోన్ చేసి ధర కనుక్కోండి." అతను కనుక్కున్నాడు. చేప ఆ ధరకే లారీ ఎక్కింది.

నాకు పట్టరాని సంతోషం వేసింది. "చూశారా, నా జావా అయితే మళ్లీ కంపైల్ చేసి సర్వర్‌లో పెట్టేసరికి లారీ వెళ్లిపోయేది. మీరే గెలిచారండి" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "మందు తొందరగా దొరికిందని రోగం మంచిదైపోదండి."

తర్వాతి శనివారం సుబ్బరాజుగారు రెండు చేపలు పట్టుకొచ్చి మా వాదంలో కూర్చున్నారు. రాజారత్నం గారు తన తప్పు వరుసను బోర్డు మీద రాసి విప్పి చెప్పారు. అంతా విని సుబ్బరాజుగారు, "ఇన్ని వంకలుండగా దీన్నే ఎందుకు వాడతారండి?" అని అడిగారు.

"దీని వంకలు నాకు తెలుసండి. వంకలు తెలియని భాష పట్టుకుని మీ చెరువు మీదికి రాలేను."

నిన్న సమాధి దగ్గర సుబ్బరాజుగారు నా పక్కకొచ్చి, ఆ పేజీ ఇక ఎవరు చూస్తారని మెల్లగా అడిగారు. నేను చూస్తానన్నాను. దాన్ని పీహెచ్‌పీలోనే ఉంచుతాను. నా భాష తప్పు నా ముఖం మీదే చెప్పి, వెంటనే తన భాషలో అంతకన్నా పెద్ద తప్పు వెతికి చూపించే మనిషి నాకు ఇంకొకరు దొరకరు. ఆయనకు నా నమస్కారం.