బొటనవేలి కింది పీక్

అణువుల్ని పరీక్షించే మెషిన్ గీసిన కాగితం ముందుకు రాగానే ల్యాబ్ పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదకి తోసి, నమూనాని కరిగించిన ద్రావకం తాలూకు పీక్‌ని, ముల్లులా పైకి లేచిన ఆ గీతని, బొటనవేలితో మూసేస్తారు. "ఇది మనది కాదు" అంటారు. మిగతా పీకుల్ని బట్టి ఏది దేని పక్కన ఉందో పేర్చుకుంటూ అణువు బొమ్మ కట్టుకొస్తారు. నిన్న రీసెర్చి అమ్మాయి గీసిన బొమ్మ చూసి అందరి ముందూ దులిపేశారు. "ఇంత పీక్ కళ్లెదుట ఉంటే నీ బొమ్మలో దీని కొమ్మేదమ్మా? గీతలు అబద్ధం చెప్పవు." "నేను కలిపినవాటితో ఆ కొమ్మ రాదు సార్" అని ఆ అమ్మాయి నసిగి, తల దించుకుంది. ఇవాళ సాయంత్రం సింకు దగ్గర గాజు గొట్టాలు కడుగుతుంటే, కడగడానికి వాడే ఎసిటోన్ వాసన గుప్పుమంది. ఆయన చేతులు ఆగిపోయాయి. ఆ పీక్ ఎసిటోన్‌ది. గొట్టం కడిగి, పూర్తిగా ఆరకుండానే నమూనా పోసుకోమని ఆమెకి అందించింది తనే. ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వెళ్లేసరికి ఆమె తన బొమ్మ చెరిపేసి, ఆయన చెప్పిన కొమ్మ తగిలించి కూర్చుంది. "ఇప్పుడు సరిపోయిందా సార్?" ఆయన ఆ పీక్ మీద బొటనవేలు పెట్టారు. "ఇది నాదమ్మా. నేను కడిగిన గొట్టం ఆరలేదు." నిన్న ల్యాబంతా వినబడ్డ ఆ గొంతు ఇవాళ బల్ల కూడా దాటలేదు.