ఇత్తడి బొత్తాలు

కుట్టు పిన్ని చేతికి ఎముక లేదని సంఘంలో అందరూ అనేవారు. చర్చికి వచ్చిన పాత బట్టలన్నీ ఆమె ముందే కుప్పపడేవి. ఆరాధన కాగానే వెనక గదిలో మిషను ముందు కూర్చుని, చిరిగినవాటికి మాసికలు వేసి, ఇస్త్రీ చేసి మరీ పేదలకు పంచేది. కూలి తీసుకునేది కాదు. ఆ సంగతి తనే నలుగురికీ గుర్తుచేస్తూ ఉండేది, అది వేరే విషయం.

పంచే ముందు ఆమె చేసే పని ఇంకొకటి ఉంది. బట్టలకు మంచి బొత్తాలుంటే కత్తిరించి తన డబ్బాలో వేసుకునేది. వాటి చోట డబ్బా అడుగున మిగిలిన రంగురంగులవి కుట్టేది. మంచివి తన కుట్టు కొట్టులో పనికొచ్చేవి. ఇది దొంగతనమని ఆమెకు ఎన్నడూ తోచలేదు. "కోటు చలికి గానీ సోకుకా?" అని తనకు తానే సర్దిచెప్పుకునేది. సర్దిచెప్పుకోవలసి వచ్చిందంటేనే ఎక్కడో ముల్లు ఉన్నట్టు. అది అప్పటికింకా గుచ్చుకోలేదు, అంతే.

ఆ చలికాలం హోటల్లో గిన్నెలు తోమే ఒకామె కొత్తగా సంఘానికి వచ్చింది. నోట్లో నాలుక లేని మనిషి. పిన్నే ఆమెకు నీలం ఉన్ని కోటు ఇచ్చింది. దాని ఇత్తడి బొత్తాలు అంతకుముందే పిన్ని సొంత కోటు మీదికి ఎక్కాయి. ఆ నీలం కోటు తొడుక్కున్న నాటి నుంచి కొత్తామె ఒక చెయ్యి గుండెల మీదే ఉండేది. పాట పాడినా, ప్రార్థనకు నిలబడినా కదిలేది కాదు. భక్తి ఎక్కువ కాబోలని పిన్ని అనుకుంది.

ప్రభువు బల్ల ఆదివారం రొట్టె తీసుకోవడానికి ఇద్దరూ పక్కపక్కన మోకరించారు. ఆ సంఘంలో రొట్టెను రెండు చేతులూ చాచి తీసుకోవాలి. ఆమె ఒక్క చెయ్యే చాచింది. పాస్టరుగారు రొట్టె పట్టుకుని ఆగారు. సిగ్గుతో ఆమె రెండో చెయ్యి తీసింది. ఎర్రదొకటి, తెల్లదొకటి, పసిపిల్ల గౌనుకుండే పువ్వు బొత్తం ఒకటి బయటపడ్డాయి. వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఇన్నాళ్లూ ఆమె దాచుకున్నదేమిటో పిన్నికి అప్పుడు తెలిసింది. లేనివాళ్లకు మనం తొడిగేది ప్రభువే తొడుక్కుంటాడని ఇందాకే ప్రసంగంలో విన్నది. ఆయనకు పువ్వు బొత్తం కుట్టింది తన చేతులే. నోట్లో పెట్టుకున్న రొట్టెను కక్కలేక మింగలేక అలాగే ఉండిపోయింది.

ఆరాధన కాగానే ఆమెను వెనక గదికి పిలిచింది.

"ఆ కోటు ఇటివ్వమ్మా. బొత్తాలు మారుస్తాను."

"ఎందుకులెండి పిన్నిగారూ. ఇచ్చినవాళ్ల దగ్గర ఇవే ఉన్నాయేమో. తమకే లేకపోయినా నాకింత పెట్టారు. వాళ్ల కోసం రోజూ ప్రార్థన చేసుకుంటున్నా."

చెంప మీద కొట్టినా పిన్నికి అంత బాధ ఉండేది కాదు. కోటు తీసుకుని, రంగు బొత్తాలు తీసేసి, తన కోటు బొత్తాలు కత్తిరించి దానికి కుట్టింది. నీలం ఉన్ని మీద వెలిసిపోని గుండ్రటి మచ్చలున్నాయి. ఇత్తడి బొత్తాలు సరిగ్గా వాటి మీదే కూర్చున్నాయి.

ఆమె ఆ అంచుల వెంట వేలితో తడిమింది. "కొలిచినట్టు సరిపోయాయే," అంది. అంతలో ఆమె చూపు పిన్ని కోటు మీద తెగిన దారాల మీద పడింది.

అబద్ధం పిన్ని నాలుక చివరే ఉంది. "అవి దానివేనమ్మా. నేనే కోసుకున్నాను," అంది తలెత్తకుండా.

 ఆమె ఎర్రదీ తెల్లదీ పువ్వుదీ ఏరుకుని, సూదిలో దారం ఎక్కించి, పిన్ని కోటు ఒళ్లోకి లాక్కుంది.

"వద్దమ్మా."

"బయట చలిగా ఉంది. బొత్తాల్లేకుండా ఎలా వెళ్తారు?" గొంతులో కోపం ఉంది. చేతులు మాత్రం గట్టిగా, నీటుగా కుడుతున్నాయి. "ప్రార్థన మాననులెండి. ఇప్పుడు ఎవరి కోసమో తెలిసింది, అంతే."

ఇంటికి వెళ్లే దారి పొడుగునా పిన్ని చెయ్యి గుండెల మీదికే పోయింది. దించుకుంది. నాలుగడుగులు వేసేసరికి మళ్లీ అక్కడే ఉంది.