నల్లకాగితం కట్టిన మందారాకు

మంగళవారం. పొద్దుటి నుంచి మబ్బు, ఉక్క. కూలర్‌లో నీళ్లు మార్చాను.

ఈ హిందీ ఊళ్లో మా బర్మామైన్స్ సందులో పక్కింటి అప్పలనర్సమ్మత్త మనవరాలు సిరికి సాయంత్రాలు సైన్సు చెబుతున్నాను. ఎండ సాయంతో ఆకు తన అన్నం తానే వండుకుంటుందంటే సిరి నమ్మలేదు. అందుకే శనివారం, అత్త పూజపువ్వుల కోసం పెంచుకునే మందారమొక్కలో ఒక ఆకుకి నల్లకాగితం చుట్టి దారం కట్టాను. అత్తకి చెప్పలేదు. అదే నా తప్పు.

ఈ రోజు అది ఆవిడ కంటపడింది. నేను గుమ్మంలోకి వచ్చేసరికి, చేతబడి అనుకుని ఎదురింటి పార్వతి మీద విరుచుకుపడుతోంది.

"నల్లకాయితం, దారం! నా ఇంటి మీద ఏటి సేయించేవే?"

పార్వతి ఏడుస్తోంది. సిరి నా వైపు తిరిగి, "అంకుల్, బోలియే నా" అని చెప్పమన్నట్టు చూసింది.

"నేనే కట్టేను అత్తా. ఎండ తగలకపోతే ఆకు అన్నం వండుకోలేదని పిల్లకి సూపిద్దామని."

"అంటే మూడ్రోజుల్నించి దాన్ని పస్తులుంచీసేవేటి? నీకు సేతులెలా వచ్చేయి బాబూ!"

కాగితం విప్పితే ఆకు కాస్త పాలిపోయి ఉంది. వారం రోజులుగా సిరికి ఎక్కని పాఠం అత్తకి ఒక్క క్షణంలో ఎక్కేసింది. పార్వతికి మాత్రం ఎవరమూ క్షమాపణ చెప్పలేదు. తలుపు వేసేసుకుంది.

అప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. ఆ తలుపు దాకా రెండుసార్లు వెళ్లి, తట్టకుండా వచ్చేశాను. మీరైతే ఏమని మొదలుపెడతారు? మంచినీళ్ల బిందె ఇంకా నింపలేదు. ఇప్పుడే ఎదురింటి గడియ తీసిన చప్పుడైంది, ముందు అక్కడికే వెళ్తాను.