బాబాయి బండి, పిన్ని నడుము

మా బాబాయి పికప్ మలుపు తిరగకముందే దాని చప్పుడు మా వీధిలోకి వచ్చేస్తుంది. కిటికీ అద్దాలు, నిలువుటద్దాలు, షాపుల ముందు బిగించే పెద్ద పలకలు, అన్నీ ఆ బండిలోనే ఊరంతా తిరుగుతాయి. వెనక తొట్టిలో చెక్క ఫ్రేము, దాని సందుల్లో పాత బొంతలు, రబ్బరు ముక్కలు. అద్దానికి దెబ్బ తగలకుండా ఆయన చేసే ఏర్పాట్లు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. తన పక్కన కూర్చునే మనిషికి మాత్రం ఏ బొంతా వేయలేదు. ఆ మనిషి మా పిన్ని.

పెళ్లయిన కొత్తలో ఒకరోజు సాయానికి ఎవరూ దొరక్క ఆవిడను వెంట తీసుకెళ్లాడట. అప్పటి నుంచి ఆ పక్క సీటు పిన్నిదే. ఆవిడ పని వినడం. వెనక తాడు కాస్త వదులైనా చాలు, "ఆపండి, ఆ మూల కొట్టుకుంటోంది" అనేది. ఆయన "నీ చెవులకే కొట్టుకుంటుంది" అని విసుక్కుంటూ దిగేవాడు. చూస్తే నిజంగానే ఆ మూల వదులయ్యుండేది. మళ్లీ ఎక్కి, ఒప్పుకోకుండా వేరే గొడవ ఎత్తుకునేవాడు. దారి పొడవునా అలా పోట్లాడుకుంటూ పోవడమే వాళ్ల కాపురం. వంటిల్లూ పడకగదీ దానికి అనుబంధాలు, అంతే.

అలాంటి పిన్ని నడుముకు ఆపరేషన్ అయింది. మెల్లగా కోలుకున్నాక డాక్టరమ్మ చూసి, "ఇక కూర్చోవచ్చు, నడవవచ్చు, బండి కూడా ఎక్కవచ్చు. కుదుపులు మాత్రం పనికిరావు" అంది. బాబాయి మొహం వాడిపోయింది. కుదుపులు లేకపోతే అది ఆయన బండే కాదు.

నేను వాళ్ల పై వాటాలోనే ఉంటాను కాబట్టి అన్నీ కళ్లారా చూశాను. పిన్ని తుడిచిన గట్టునే మళ్లీ తుడిచేది. బండి చప్పుడు వినగానే కిటికీ దగ్గరికి వెళ్లి, "ముందు చక్రం దగ్గర ఏదో మూలుగుతోంది, చూసుకున్నాడో లేదో" అని గొణిగేది. ఇక ఆయన లోపలికి వచ్చి, బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవాడు. పోట్లాడడానికి మనిషి లేక ఆయనకు మాటలే పడిపోయాయి. ఆ ఇంట్లో ఆ నిశ్శబ్దం వింటే నాకు భయమేసేది. పిన్ని నడుము కంటే మనసే ముందు విరిగిపోతుందేమో అనిపించేది.

నాకు అసలే ఓపిక తక్కువ. ఒకరోజు అడిగేశాను. "ఆ డొక్కు బండి అమ్మేసి కొత్తది కొను బాబాయ్. పిన్నిని హాయిగా తిప్పు."

"కొత్త బండిని నేను నడపనమ్మా, అదే నన్ను నడుపుతుంది. అన్నీ బటన్లేగా" అన్నాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అక్కడితో ఆ మాట వదిలేశాను. కానీ ఆయన వదల్లేదని తర్వాత తెలిసింది. తుక్కు షెడ్డుల చుట్టూ తిరిగి తిరిగి ఒకచోట తనకు కావలసింది పట్టుకున్నాడు. తన బండి కంపెనీదే, కాకపోతే చాలా తర్వాత వచ్చిన పికప్. దాని మీద చెట్టు కూలి పైభాగమంతా అప్పడమైపోయింది. కింది భాగానికి మాత్రం గీత కూడా పడలేదు. చక్రాల కుదుపును మింగే దాని కమాన్ కట్టలు నాలుగూ, షాక్ అబ్జార్బర్లూ, వాటిని పట్టి ఉంచే బ్రాకెట్లూ విప్పించుకుని, తన తొట్టిలో అద్దాలకు పరిచే బొంతల మీదే పడుకోబెట్టి తెచ్చాడు.

"చూడవే" అని పిన్నిని గుమ్మంలోకి పిలిచాడు. "మన కట్టలో పట్టీలు పొట్టివి, దొంతరగా ఉంటాయి. అందుకే మొండికేస్తుంది. ఇవి చూడు, పొడుగ్గా, పలచగా, తక్కువ పట్టీలు. గుంటలో పడ్డా వంగుతాయి గానీ నిన్ను తన్నవు."

"పాత ఒంటికి కొత్త కాళ్లా? నిలబడుతుందా?" అంది పిన్ని. నవ్వుతూనే అంది గానీ, ఆ ఇనుప కట్టల మీద చేయి వేసి చాలాసేపు తీయలేదు.

పెరట్లో పని మొదలైంది. బండిని జాకీలతో ఎత్తి, దిమ్మల మీద నిలబెట్టాడు. తుప్పుపట్టిన బోల్టులు రామంటే రామన్నాయి. బాబాయి వాటిని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఒక బ్రాకెట్ రంధ్రాలు కలవకపోతే వెల్డింగ్ షాపుకు పరిగెత్తాడు. పిన్ని వీపుకు దిండు పెట్టుకుని కుర్చీలో కూర్చుని, "ఆ స్పానర్ కాదు, దాని పెద్దది" అంటూ ఉండేది. చాలా రోజుల తర్వాత వాళ్లిద్దరి గొంతులూ పైకి లేవడం విన్నాను. నిజం చెప్పాలంటే, ఆ అరుపులు వినడానికే పనులు మానుకుని మెట్ల మీద కూర్చున్నాను. చివరికి బండి దిమ్మల మీద ఉండగానే బోల్టులన్నీ బిగించి, "ఇక ఊడవు" అని లేచాడు.

పిన్ని బండి ఎక్కింది. ఎక్కేముందు జుట్టు దువ్వుకుని వచ్చింది. వీధి చివరి దాకా వెళ్లి వెనక్కి వచ్చారు. దిగేటప్పుడు ఆవిడ పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"బాగానే ఉంది" అంది.

దారిలో ఆవిడ ఒక్క వంక కూడా పెట్టలేదంటే ఏమిటో బాబాయికి తెలుసు. బండి మునుపటికంటే బిర్రబిగుసుకుపోయింది. చిన్న రాయి ఎక్కినా కింద నుంచి పిడిగుద్దు గుద్దినట్టుందట. ఆయన ఇంట్లోకి కూడా రాలేదు. "విప్పి తిరిగి ఇచ్చేస్తా. ఇక ఈ బండి ఊసెత్తొద్దు" అని పెరటి గోడకు చేరబడ్డాడు. ఇంత ఆశ పెట్టడమెందుకు, ఇలా లాగేసుకోవడమెందుకు అని ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది.

పిన్ని మాత్రం మంచం ఎక్కలేదు. నా భుజం పట్టుకుని నెమ్మదిగా పెరట్లోకి నడిచింది.

"ఏమండీ, ఒక సంగతి. ఇది ఇనుము చప్పుడు కాదు."

"ఏదైతేనేం?"

"వినండి ముందు. మన పాత కట్టలు టకటకమనేవి. ఇది అలా కాదు. గుంటలో పడ్డప్పుడల్లా కిర్రుమని మూలుగుతోంది. తడిబట్ట పిండుతుంటే మెలి తిరిగినట్టు. ఎక్కడో రబ్బరు మెలిపడింది."

బాబాయి తల ఎత్తాడు. టార్చి తీసుకుని బండి కిందికి దూరాడు. కాసేపటికి అక్కడి నుంచే తన తల మీద తానే కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

"నాకు బుద్ధి లేదే!" అని బయటికి వచ్చాడు. మొహమంతా గ్రీజు, పళ్లు మాత్రం తెల్లగా. "మన పాత వాటికి చివర్లో ఇనుప పిన్నులు. గ్రీజు పెట్టి గాల్లో బిగించినా, నేల మీద బిగించినా ఒకటే. చేతికి అదే అలవాటు. వీటికి పిన్ను చుట్టూ రబ్బరు తొడుగులు, అవే బుష్షులు. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు అలాగే పట్టుకుపోతుంది. బండి కిందికి దిగగానే మెలిపడి బిగుసుకుంటుంది. బరువు మోస్తూ నిలబడ్డాక బిగించాలి దీన్ని."

"అంటే?"

"అంటే రోజూ ఎంత బరువుతో తిరుగుతామో, అంత బరువు మీద."

బోల్టులన్నీ వదులు చేశాడు. ఇప్పుడు బండి దిమ్మల మీద కాదు, నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది. మెలిపడిన బుష్షులు హమ్మయ్య అన్నట్టు వెనక్కి తిరిగాయి. వెనక తొట్టిలోకి పాత అద్దాల పెట్టెలు ఎక్కించాడు. బరువు కోసం నేనూ ఎక్కుదామని పిన్ని సీటు వైపు తలుపు తీశాను.

"అది కాదు, నువ్వు ఇటు నా సీట్లో కూర్చో. బరువులో నాకేం తీసిపోవులే" అన్నాడు. ఆ చివరి మాట వినిపించనట్టు ఆయన సీట్లోకి ఎక్కాను. తర్వాత పిన్నిని నడిపించుకొచ్చి, చేయందించి, పక్క సీట్లో కూర్చోబెట్టాడు. ఆయన కింద పడుకుని ఒక్కో బోల్టు బిగిస్తుంటే, పిన్ని కళ్లు మూసుకుని కూర్చుంది. స్పానర్ తిరిగినప్పుడల్లా సీటు కింద చిన్న అదురు. ఆవిడ నా చేతిని గట్టిగా పట్టుకుంది. భయంతోనో, ఆశతోనో, నేను అడగలేదు.

"దిగమ్మా, ఇక నా సీటు నాకివ్వు" అన్నాడు బాబాయి.

నిలువునా ఊపే మొదటి గతుకు మా గేటు దగ్గరే ఉంది. బండి దాన్ని దాటింది. ఎప్పుడూ కొట్టుకునే తొట్టి వెనక తలుపు ఈసారి కొట్టుకోలేదు. పిన్ని తల కాస్త ఊగింది, అంతే. మలుపు తిరిగి కనుమరుగయ్యారు.

వీధి చివరి దాకానే అన్నారు. రాలేదు. టీ పెట్టుకుని తాగాను, రాలేదు. ఎండ గోడ దిగిపోయింది, రాలేదు. దారిలో నడుము పట్టేసిందేమో, ఆసుపత్రికి తీసుకెళ్లాడేమో అని కాలు కాలిన పిల్లిలా తిరిగాను. చివరికి నేనే ఫోన్ చేశాను. ఎత్తింది పిన్నే. వెనక ఎవరో అరుస్తున్నారు, అద్దాలు చెక్కకు ఆనుకుంటున్న చప్పుడు.

"ఎక్కడున్నారు మీరు?" అని గట్టిగా అరిచాను.

"అద్దాల గోడౌన్ దగ్గరే. ఇంత దూరం వచ్చి ఆ పాత పెట్టెలతోనే తిరిగి వెళ్లడం దేనికని, వాటిని దింపించి ఈయన కొత్త లోడు వేయిస్తున్నాడు. ఒక్క నిమిషం... బాబూ, ఆ మూల బొంత లేదు, కొట్టుకుంటుంది, చూసి పెట్టండి! ఏమండీ, వినపడుతోందా? ఆ మూల!... ఆ, చెప్పవే."

"నీ నడుము ఎలా ఉంది పిన్నీ?"

అవతల ఎవరో బొంత లాగుతున్న చప్పుడు వినిపించింది.

"నడుమా?" అంది పిన్ని. "నువ్వు అడిగేదాకా గుర్తే లేదే."