బేరం అలాగే ఉంది

మొన్న టేకులపల్లి నుంచి వస్తుంటే ఆటోలో నా పక్కన కూర్చున్న ఆమె ఫోను గట్టిగా పలికింది. "మీ పాత ఫ్రిజ్జుకు ఇద్దరు బేరానికి వచ్చారు. నేను వినిపించడం వరకే. మీ మాట ఇంకా వాళ్ళకు చేరలేదు." ఆమె "సర్లే" అని ఫోను కొంగులో చుట్టుకుంది. ఆ చివరి మాట రాసింది మా ఎస్తేరు టీచరమ్మ. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమె మాట మాత్రం ఆటోల్లో తిరుగుతోంది.

నా మొగుడు పోయాక టీచరమ్మ ఇంట్లో వంటపనికి కుదిరాను. అప్పటికే ఆమె బడి నుంచి రిటైరైంది. హైదరాబాదులో ఏదో కంపెనీ వాళ్ళు ఆమెకు రాతపని ఇచ్చారు. పాత సామాను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడితే, ఎవరెవరు ఎంతకు అడుగుతున్నారో వెతికి చదివి వినిపించే ఏఐ ఏజెంటు అట. వినిపించడం వరకే దాని పని, జవాబు మనమే నొక్కాలి. అది ఏం పలకాలో, దాన్ని ఎట్లా వాడాలో టీచరమ్మ తెలుగులో రాయాలి. నాకు సంతకం వరకే వచ్చు. అందుకే ఆమె ప్రతి వాక్యం నాకు చదివేది. నేను ఉల్లిగడ్డలు తరుగుతూ విని, విన్నది నా మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే వాక్యం కొట్టేసేది, నన్ను ఒక్క మాట అనేది కాదు.

మొదటి రోజే ఆఫర్ దగ్గర ఆగిపోయాం.

"ఆఫర్ అంటే ఏందే కాంతమ్మా?"

"గంత తెల్వదా టీచరమ్మా? రెండు చీరలు కొంటే ఒకటి ఊకనే ఇచ్చుడు."

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వింది. "గట్లయితే నీ బీరువాకు ఆఫర్ వచ్చిందంటే?"

"బీరువాతోని ఇంకోటి నేనే ఇయ్యాల్నా? నాతోని కాదు!"

ఆ రోజు ఆఫర్ పోయి బేరం వచ్చింది. "ముప్పై ఏండ్లు పిల్లలకు చెప్పిన గానీ, నాకు చెప్పే పంతులమ్మ ఇప్పుడు దొరికింది" అంది. నాకు కాలు నేల మీద నిలవలేదు. పుట్టింట్లో, అత్తింట్లో "నీకేం తెలుసు" అన్నవాళ్ళే గానీ, "నీకేం తెలిసింది" అని అడిగినవాళ్ళు అంతకుముందు లేరు.

ఒకరోజు కంపెనీ నుంచి ఒక మేడం వచ్చింది. ఆమె ఎదుటే టీచరమ్మ నన్ను పిలిచి చదివింది. "మీరు జవాబు ఇచ్చేవరకు బేరం అలాగే ఉంటుంది. చెప్పు కాంతమ్మా, ఏమర్థమైంది?" మేడం నన్నే చూస్తోంది. నాకు తెలిసింది సగమే. తప్పు చెబితే పరువు పోతుందని, "అంత అర్థమైంది టీచరమ్మా, పొయ్యి మీద పప్పు పొంగుతాంది" అని లోపలికి పోయాను. పొయ్యి వెలిగించనే లేదు.

ఆ ఎండాకాలంలోనే నా మొగుడి కుట్టుమిషను అమ్మకానికి పెట్టాను. ఆయన దర్జీ. తొక్కే కాలు లేక అది తుప్పు పడుతుంటే చూడలేకపోయాను. టీచరమ్మే ఫొటో తీసి పెట్టింది. నేను ఇంటికి పోయాక నా ఫోను మొదట ఇనుప సామాను కొనేవాళ్ళ బేరాలు చదివింది. తర్వాత చర్ల అవతలి ఊరి పిల్ల నాగమణి బేరం చదివింది. అడిగిన ధర అందరికంటే తక్కువే. కింద ఒక మాట రాసుకుంది: "మా ఊళ్ళె కుట్టేటోళ్ళు లేరక్కా. నేను నేర్చుకున్న. మిషను లేదు."

"ఈ పిల్లకే ఇస్తా" అన్నాను ఫోనుతో.

"బేరం అలాగే ఉంది" అంది ఫోను.

మేం "గట్లనే" అన్నచోట చదువుకున్నవాళ్ళు "అలాగే" అంటారు. ఫోను సరే అందనుకున్నాను. మిషనుకు నూనె వేసి, పాత చీర కప్పి ఎదురుచూశాను. ఒక ఆదివారం పోయింది, రెండో ఆదివారం పోయింది. అడవి దారి కదా, బండి దొరకలేదేమో అనుకున్నాను. తర్వాత కోపమొచ్చి ఆ పిల్లను తిట్టాను కూడా.

టీచరమ్మకు చెబితే నా ఫోను తీసుకుని చూసింది. గడువు దాటి బేరం రద్దయింది. ఆ పిల్లకు మళ్ళీ రాస్తే జవాబు లేదు. "అలాగే అంటే సరే అని కాదే, ఉన్నది ఉన్నట్టే ఉందని" అంటూ కుర్చీలో కూలబడింది. "నీ తప్పేం లేదు. నా రాతే తప్పు. ఒక ఆడపిల్ల బతుకుదెరువు నా మాటతోని పోయింది."

మేడం వచ్చిన రోజు నాకు అర్థం కాలేదని అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. చెబితే మళ్ళీ నన్ను ఏదీ అడగదేమోనని మింగేశాను.

ఆమె ఆ వాక్యం కొట్టేసి కొత్తది రాసింది, మొన్న ఆటోలో నేను విన్నది అదే. కానీ అప్పటినుంచి కలం ఆగి ఆగి నడిచేది. "మళ్ళ తప్పు రాస్తున్ననా?" అని రోజూ అడిగేది. ఆ వానాకాలంలో గుండెజబ్బుతో పోయింది. చర్చిలో ప్రార్థన రోజు, టీచరమ్మ కంపెనీకి రాసిన ఉత్తరం మేడం చదివింది. "ఒక పేదరాలు నన్ను నమ్మింది. నేను తప్పు రాశాను. క్షమించండి." అందరూ కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరు భార్య నా భుజం పట్టుకుని "నిన్ను తల్సుకుంటనే పోయింది కాంతమ్మా" అంది. నేనూ అందరితోపాటు కళ్ళు తుడుచుకుని ఇంటికి వచ్చేశాను.

ఇప్పుడు నోటితో చెప్పి రాయిస్తున్నాను. టీచరమ్మ నన్ను అడిగింది. "తెల్వలే" అని ఒక్క మాట అంటే ఆ వాక్యం అక్కడే కొట్టేసేది. నాగమణి ఈపాటికి పిల్లలకు గౌన్లు కుడుతుండేది. చర్చిలో అంతమంది ముందు టీచరమ్మ పేరు మీద చదివిన ఆ తప్పు నాది.